చిన్న వీడియో, ఆడియో స్టూడియోకు ఉమ్మడి స్టోరేజీ: మొదటి లెక్క నుంచి డిస్కు మార్చే రోజు దాకా

ముగ్గురు ఎడిటర్లు, ఒక ఆడియో రూము ఉన్న స్టూడియోలో అందరూ ఒకే చోటి నుంచి ఫుటేజీ తీసుకుని పని చేయాలంటే ఏం కొనాలి, ఏది ముందు చేయాలి అని తిరుపతిలోనూ, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపు నుంచీ చాలామంది అడుగుతున్నారు. దాదాపు ప్రతి ఒక్కరూ "ఏ నాస్ పెట్టె కొనమంటారు?" అనే మొదలుపెడతారు. నాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించి అందరూ కలిసి వాడుకునే డిస్కుల పెట్టె. ఆ ప్రశ్నకు నేను రెండో మెట్టులో గానీ జవాబు చెప్పను. పెట్టె మంచిదైనా తీగ నాసిరకమై, తీగ మంచిదైనా ఫోల్డర్లు గందరగోళమై, అన్నీ కుదిరినా రెండో కాపీ లేక నష్టపోయిన స్టూడియోలను దగ్గరగా చూశాను.

ముందుగా, ఇది మీకు అవసరమో కాదో చూసుకోండి.

- "అన్నా, మొన్నటి రిసెప్షన్ డిస్కు యాడ పెట్టినావు?" అనే మాట మీ రూములో రోజూ వినిపిస్తోందా?
- ఒకే పెళ్లి ఫుటేజీ మూడు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉండి, ఏది పూర్తి కాపీనో తెలియడం లేదా?
- ఎడిటర్ డిస్కు వదిలేదాకా ఆడియో వాళ్లు ఖాళీగా కూర్చోవాల్సి వస్తోందా?

రెండింటికి అవునంటే చదవండి. మీరు ఒక్కరే పనిచేసుకునేవారైతే కంప్యూటర్‌కు నేరుగా తగిలించే రైడ్ పెట్టె (కొన్ని డిస్కులను ఒకే డిస్కులా కలిపి నడిపేది), పక్కన ఒక బ్యాకప్ డిస్కు చాలు. నెట్‌వర్క్ మీద డబ్బు పెట్టొద్దు.

ఇంకో మాట. ఈ పని ఆషాఢంలో పెట్టుకోండి. శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోపు వారం పది రోజులు తీరిక దొరుకుతుంది. సీజన్ నడుమ పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మారితే టెన్షన్‌లో తప్పులు జరుగుతాయి.

## 1. కొనే ముందు లెక్క

కెమెరా మీద రాసి ఉండే వేగం మెగాబిట్లలో ఉంటుంది. డిస్కు, కాపీ వేగాలు మెగాబైట్లలో చూస్తాం. మెగాబిట్లను 8తో భాగిస్తే మెగాబైట్లు. ఇది మరిచిపోయి ఎనిమిదింతలు తక్కువగానో ఎక్కువగానో కొన్నవాళ్లు ఉన్నారు.

మన దగ్గర ఎక్కువగా వచ్చే ఫుటేజీకి లెక్క ఇలా ఉంటుంది:

- 100 మెగాబిట్ల 4కే ఫుటేజీ: సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ.
- 250 మెగాబిట్ల ఆల్-ఇంట్రా 4కే: సెకనుకు సుమారు 31 మెగాబైట్లు, గంటకు 112 జీబీ.
- సెకనుకు 25 ఫ్రేముల 4కే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ: సెకనుకు సుమారు 92 మెగాబైట్లు, గంటకు 330 జీబీ.
- 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ఆడియో ట్రాక్: సెకనుకు 144 కిలోబైట్లు. 32 ట్రాకులు కలిపినా 4.6 మెగాబైట్లే.

ఇప్పుడు మీ పనికి అన్వయించుకోండి. పెళ్లి మల్టీక్యామ్ ఎడిట్‌లో మూడు కెమెరాలు ఒకేసారి ప్లే అవుతాయి. ఒక్కోటి 12.5 చొప్పున ఒక ఎడిటర్‌కు 37.5 మెగాబైట్లు కావాలి. ముగ్గురు ఎడిటర్లు కలిస్తే 112. గిగాబిట్ నెట్‌వర్క్ నిజంగా ఇవ్వగలిగేది సెకనుకు 110 చిల్లర. అంటే నాస్‌కు ఒకే ఒక్క గిగాబిట్ తీగ ఉంటే, మూడో ఎడిటర్ ప్లే నొక్కిన క్షణాన ముగ్గురికీ ఆగి ఆగి నడుస్తుంది. అదే సమయంలో ఇంకొకరు కార్డు కాపీ పెడితే చెప్పనే అక్కర్లేదు.

ఇందులోనే ఖర్చు తగ్గించే కిటుకు కూడా ఉంది. ఒక్కో ఎడిటర్‌కు గిగాబిట్ సరిపోతోంది. ఇరుకు అంతా నాస్‌కు, స్విచ్‌కు మధ్య ఉన్న ఆ ఒక్క తీగలోనే. కాబట్టి ముందు దాన్ని 10 గిగాబిట్ చేయండి. ఎడిటర్ల వైపు గిగాబిట్ లేదా 2.5 గిగాబిట్ ఉన్నా చాలాకాలం నడుస్తుంది.

ఇక చోటు సంగతి. మూడు కెమెరాలు ఒక్కోటి ఆరు గంటలు రికార్డు చేస్తే 18 గంటలు, అంటే ఒక పెళ్లికి 810 జీబీ. సీజన్‌లో 20 పెళ్లిళ్లు చేస్తే 16 టీబీ పైనే. నాలుగు 8 టీబీ డిస్కులను రైడ్ 5లో పెడితే 24 టీబీ మిగులుతుంది. విండోస్ లెక్కలో అది 21.8గా కనిపిస్తుంది. అందులో ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. నిండిపోయిన వాల్యూమ్ (డిస్కులన్నీ కలిసిన చోటు) నెమ్మదిస్తుంది, స్నాప్‌షాట్లకూ (ఫైళ్లు ఒక క్షణంలో ఎలా ఉన్నాయో నాస్ దాచుకునేవి) చోటుండదు. అంటే చేతికొచ్చేది 17.4. పై స్టూడియోకు ఒక సీజన్ సరిగ్గా పడుతుంది, రెండో సీజన్ పట్టదు. పాత పనులను ఎప్పుడు, ఎక్కడికి మార్చాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

## 2. పెట్టె

రెండు దారులు. సినాలజీ, క్యూనాప్ లాంటి రెడీమేడ్ నాస్ ఒకటి. పీసీ పెట్టెలో డిస్కులు బిగించి ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం ఇంకొకటి. స్టూడియోలో కంప్యూటర్ విప్పి బిగించడం ఇష్టంగా చేసే మనిషి ఒకరైనా లేకపోతే రెడీమేడ్‌కే వెళ్లండి. సొంతంగా కట్టిన వ్యక్తి ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతే, సీజన్ మధ్యలో దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఏది కొన్నా ఇవి చూడండి:

- 10 గిగాబిట్ పోర్టు ఉందా, లేకపోతే తర్వాత నెట్‌వర్క్ కార్డు వేసుకునే స్లాటైనా ఉందా?
- ఇప్పుడు పెట్టే డిస్కుల కన్నా కనీసం ఒకటి రెండు గదులు ఎక్కువున్నాయా?
- స్నాప్‌షాట్ సౌకర్యం ఉన్న ఫైల్ సిస్టమ్, అంటే బీటీఆర్‌ఎఫ్ఎస్ లేదా జెడ్‌ఎఫ్ఎస్, నడుస్తుందా?
- యూపీఎస్‌తో యూఎస్‌బీ ద్వారా మాట్లాడుతుందా?
- మీరు కొనబోయే డిస్కు మోడల్ ఆ కంపెనీ అంగీకరించిన జాబితాలో ఉందా?

## 3. డిస్కులు, రైడ్

డిస్కుల్లో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు రకాలున్నాయి. ఎస్‌ఎంఆర్‌లో డేటా వరుసలు ఇంటి కప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కి ఉంటాయి. ఒక చోట తిరిగి రాయాలంటే పక్కవన్నీ కదిలించాలి. రైడ్‌లో, ముఖ్యంగా పాడైన డిస్కు మార్చి మళ్లీ కట్టేటప్పుడు, ఇవి విపరీతంగా నెమ్మదిస్తాయి. షాపులో "నాస్‌కు పనికొస్తుంది సార్" అన్న మాటతో సరిపెట్టుకోకండి. మోడల్ నంబరు తీసుకుని తయారీదారు వివరాల్లో సీఎంఆర్ అని రాసి ఉందో లేదో చూసి కొనండి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి తెచ్చుకునేవారు బిల్లు, వారంటీ రెండూ మీ పేరు మీద ఉండేలా చూసుకోండి.

రైడ్ ఎంపిక:

- రెండు డిస్కులు: రైడ్ 1. సగం చోటు పోతుంది, ఒక డిస్కు పాడైనా పని ఆగదు.
- నాలుగు డిస్కులు: రైడ్ 5. ఒక డిస్కు నష్టాన్ని తట్టుకుంటుంది.
- ఐదు, ఆపైన: రైడ్ 6. రెండు డిస్కులు పోయినా నిలబడుతుంది.
- రైడ్ 0: వద్దు. వేగం కోసం కొందరు పెడతారు. ఒక డిస్కు పోతే అన్నీ పోయినట్టే.

రైడ్ 5లో డిస్కు పాడై కొత్తది పెట్టాక, 8 టీబీని సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున నింపుకుంటూ పోయినా 15 గంటలు పడుతుంది. మీరు అదే సమయంలో ఎడిట్ చేస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటల్లో రెండో డిస్కు పోతే మొత్తం పోతుంది. ఒకేసారి, ఒకే బ్యాచ్‌లో కొన్న డిస్కులు దగ్గర దగ్గరగా పాడయ్యే అవకాశం ఉంటుంది. అందుకే అదే సైజు డిస్కు ఒకటి ఎక్కువ కొని బీరువాలో పెట్టండి. డిస్కు పోయిన రోజు ఆర్డర్ పెట్టి ఎదురుచూడటం కన్నా అది ఎంతో నయం.

డిస్కులు బిగించగానే ఫుటేజీ వేసేయకండి. నాస్ మెనూలో ఉండే పూర్తి స్మార్ట్ పరీక్ష (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చూసుకునేది) ఒక్కో డిస్కు మీద నడపండి. కొత్త డిస్కుల్లో లోపం ఉన్నది తరచూ మొదటి రోజుల్లోనే బయటపడుతుంది. ఇంకా ఖాళీగా ఉన్నప్పుడు తెలిస్తే మార్చుకోవడం తేలిక.

## 4. తీగ, స్విచ్

చాలామంది ఐదు నిమిషాల్లో తేల్చేసేది ఇదే. నా అనుభవంలో సగం సమస్యలు ఇక్కడే.

ఒక స్టూడియోలో నాస్, డిస్కులు అన్నీ కొత్తవి పెట్టాక కూడా కాపీ సెకనుకు 11 మెగాబైట్లు దాటలేదు. రెండు రోజులు సెట్టింగులు మార్చి మార్చి చూశాం. చివరికి చూస్తే, ప్లైవుడ్ ప్యానెల్ వెనక మేకు దిగి తీగలో ఒక జత తెగింది. తీగలో నాలుగు జతలుంటాయి. గిగాబిట్‌కు నాలుగూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు చాలు. ఒకటి తెగితే కనెక్షన్ పోదు, చప్పుడు లేకుండా 100కు పడిపోతుంది. కాపీ వేగం 11 చుట్టూ ఆగిపోతే సాఫ్ట్‌వేర్ వైపు చూడకుండా ముందు తీగ మార్చండి.

తీగ కొనేటప్పుడు:

- లోపల పూర్తి రాగి ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవగ్గా దొరుకుతుంది. చివర చాకుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది. అది తీసుకోవద్దు.
- గోడల్లో శాశ్వతంగా వేసేది క్యాట్6ఏ అయితే 10 గిగాబిట్ 100 మీటర్ల దాకా వెళ్తుంది. క్యాట్6 మీద 55 మీటర్ల దాకానే.
- పాత క్యాట్5ఈ బాగుంటే పీకొద్దు. 2.5 గిగాబిట్ దాని మీద నడుస్తుంది.
- కరెంటు తీగల పైపులోనే నెట్‌వర్క్ తీగ దూర్చొద్దు. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే నడిపించొద్దు.
- ప్రతి తీగకూ రెండు చివరలా ఒకే నంబరు అతికించండి.

నాస్, స్విచ్ ఒకే ర్యాకులో ఉంటే వాటి మధ్య ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులకు (10 గిగాబిట్ మాడ్యూళ్లు దూర్చే పోర్టులు) డీఏసీ కేబుల్, అంటే రెండు చివరలా మాడ్యూళ్లు బిగించి వచ్చే పొట్టి రాగి కేబుల్, వాడండి. చవక, వేడెక్కదు. అదే పోర్టులో మామూలు రాగి తీగ కోసం వేసే మాడ్యూళ్లు చేయి కాలేంత వేడెక్కుతాయి.

స్విచ్ విషయంలో కచ్చితంగా చెప్పేది ఒకటి: ఇంటర్నెట్ వాళ్లు బిగించిన రౌటర్ వెనక పోర్టులకు నాస్ తగిలించొద్దు. వాటిలో కొన్ని 100 మెగాబిట్‌వే. స్టూడియోకు సొంత స్విచ్ కొని, నాస్, ఎడిటింగ్ కంప్యూటర్లు అన్నీ దానికే తగిలించండి. రౌటర్‌కు ఆ స్విచ్ నుంచి ఒక్క తీగ చాలు. రౌటర్ కాలిపోయినా ఎడిటింగ్ ఆగకూడదు. వైఫై మీద ఎడిట్ చేయాలనే ఆలోచన మానుకోండి. క్లయింట్‌కు ప్రివ్యూ చూపించడానికి మాత్రం సరే.

రెండు గిగాబిట్ తీగలు జతచేస్తే రెట్టింపు వేగం వస్తుందని చాలామంది నమ్మకం. జతచేసినా ఒక ఎడిటర్‌కు మామూలుగా ఒక తీగ వేగమే దొరుకుతుంది. పలువురు ఒకేసారి వాడినప్పుడు భారం పంచుకుంటుంది, అంతవరకే.

## 5. ఎక్కడ పెట్టాలి

ఆడియో రూములో వద్దు. డిస్కుల గరగర మైకులో పడుతుంది. తీగ 100 మీటర్లు వెళ్తుంది కాబట్టి వేరే గదిలో పెట్టడానికి అడ్డేమీ లేదు.

నేల మీద, సెల్లార్‌లో అస్సలు వద్దు. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీట మునిగిన రోజులు మనలో ఎవరం మరిచిపోలేదు. గోడకు బిగించిన ర్యాకులోనో, కనీసం నడుము ఎత్తు బల్ల మీదో ఉంచండి.

మే నెల ఎండల్లో రాత్రి ఏసీ ఆపి గది మూసేసి వెళ్తే లోపల పొయ్యిలా ఉంటుంది. నాస్ రాత్రంతా నడుస్తూనే ఉంటుంది. డిస్కు ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి, గాలి ఆడే దారి చూడండి.

కరెంటు పోతే రాస్తున్న ఫైలు సగంలో ఆగడమే కాదు, రైడ్ కూడా చెదిరిపోయే ప్రమాదం ఉంది. ఇంటి ఇన్వర్టర్ ఉంది కదా అని ఊరుకోవద్దు. యూపీఎస్ ఒకటి నాస్‌కు, స్విచ్‌కు విడిగా పెట్టి, దాని యూఎస్‌బీ తీగ నాస్‌కు తగిలించండి. బ్యాటరీ తగ్గగానే నాస్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి నిజంగా అలా జరుగుతోందో లేదో కళ్లతో చూడండి. ఈ పరీక్ష ఫుటేజీ వేయకముందే చేయాలి.

## 6. చిరునామాలు

నాస్‌కు స్థిరమైన ఐపీ ఇవ్వండి. ఉదాహరణకు మీ నెట్‌వర్క్ 192.168.1తో మొదలైతే 192.168.1.50 ఇచ్చి, రౌటర్‌లో కూడా దాన్ని రిజర్వ్ చేయండి. చిరునామా మారుతూ ఉంటే ఒక సోమవారం పొద్దున్నే ఎవరికీ డ్రైవ్ కనిపించదు.

గ్రేడింగ్ (రంగులు సరిదిద్దే) కంప్యూటర్‌కు నాస్ నుంచి నేరుగా 10 గిగాబిట్ తీగ లాగితే, ఆ తీగ రెండు చివరలకూ వేరే వరుస ఇవ్వాలి. 192.168.10.1, 192.168.10.2 లాగా. రెండు వైపులా 192.168.1 వరుసే ఇస్తే కంప్యూటర్ ఏ తీగలో వెళ్లాలో తెలియక నెమ్మది దారిలో పోతుంది. డ్రైవ్‌ను కూడా కొత్త చిరునామాతోనే మ్యాప్ చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

జంబో ఫ్రేములు, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కోసారి పంపే డేటా ముక్క సైజును (ఎంటీయూ) 9000కు పెంచడం, మొదట్లో ముట్టుకోవద్దు. 1500తోనే నడపండి. ఒక్క కంప్యూటరో, స్విచ్చో ఒప్పుకోకపోయినా చిన్న ఫైళ్లు తెరుచుకుని పెద్దవి వేలాడిపోయే వింత సమస్యలు వస్తాయి.

## 7. ఫోల్డర్లు, పేర్లు, హక్కులు

నాస్ తెరవగానే ఈ ఐదు మాత్రమే కనిపించాలి:

- ఫుటేజీ: కెమెరా నుంచి వచ్చినది వచ్చినట్టు.
- ప్రాజెక్టులు: ఎడిటింగ్ ఫైళ్లు.
- ఆడియో: సెషన్లు, డబ్బింగ్, మిక్స్‌లు.
- ఉమ్మడి సరుకు: టైటిళ్లు, మ్యూజిక్, లోగోలు, లట్‌లు (రంగుల ప్రీసెట్లు).
- డెలివరీ: పార్టీకి ఇవ్వాల్సినవి.

ప్రతి పనికీ ఒకే పేరు పద్ధతి: సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు, తర్వాత పని. 20250514_రేణిగుంట_రిసెప్షన్ అన్నట్టు. ఇక్కడ చదవడానికి తెలుగులో రాశాను. మీరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగు మీద గౌరవం లేక కాదు. మన ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా నిల్వ కావచ్చు. కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు కంప్యూటర్‌కు వేరుగా ఉండి, మ్యాక్‌లో కట్టిన ప్రాజెక్టు విండోస్‌లో తెరిస్తే మీడియా ఆఫ్‌లైన్ అని వచ్చే ప్రమాదం ఉంది. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు కూడా వాడొద్దు. మ్యాక్ వీటిలో కొన్నింటిని ఒప్పుకున్నా విండోస్ ఒప్పుకోదు. విండోస్‌లో పూర్తి దారి 260 అక్షరాలు దాటితే కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరవలేవు కాబట్టి ఫోల్డర్ లోపల ఫోల్డర్ మరీ లోతుగా వెళ్లొద్దు.

హక్కుల విషయంలో నా సలహా గట్టిది. ఫుటేజీ ఫోల్డర్ ఎడిటర్లకు చదవడానికి మాత్రమే ఇవ్వండి. రాసే హక్కు కార్డులు కాపీ చేసే ఒక్క యూజర్‌కే. "మా తమ్ముళ్ల మీద నమ్మకం ఉంది అన్నా" అని ఓనర్లు అంటారు. నమ్మకానికీ దీనికీ సంబంధం లేదు. రాత్రి రెండింటికి నిద్రమత్తులో డిలీట్ కీ మీద పడిన వేలుకు ఇది రక్షణ.

- ప్రతి మనిషికీ వేరు యూజర్ పేరు, వేరు పాస్‌వర్డ్.
- అడ్మిన్ పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసి ఉండాలి, రోజువారీ పనికి వాడకూడదు.
- అన్ని విండోస్ కంప్యూటర్లలో నాస్‌కు ఒకే డ్రైవ్ అక్షరం. ఒకదాంట్లో ఎస్, ఇంకోదాంట్లో జెడ్ అయితే ప్రతిసారీ రీలింక్ చేసుకోవాల్సిందే.
- స్నాప్‌షాట్లు ప్రాజెక్టుల ఫోల్డర్‌కు గంటకోసారి, మిగతావాటికి రోజుకోసారి.
- డిస్కులు నిద్రపోయే సెట్టింగు ఆపేయాలి. లేకపోతే టీ తాగి వచ్చాక మొదటి క్లిప్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది.

## 8. సాఫ్ట్‌వేర్ వైపు

అన్నింటికన్నా ముఖ్యం: క్యాష్ ఫైళ్లు (సాఫ్ట్‌వేర్ తన వేగం కోసం తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లు) ప్రతి కంప్యూటర్‌లోని సొంత ఎస్‌ఎస్‌డీలో ఉండాలి. ప్రీమియర్‌లో మీడియా క్యాష్, రిజాల్వ్‌లో రెండర్ క్యాష్ నాస్ మీదకు వెళ్లేలా ఉంటే, ముగ్గురి వేలకొద్దీ చిన్న ఫైళ్లు డిస్కుల హెడ్‌లను అటూ ఇటూ పరుగులు పెట్టిస్తాయి. హార్డ్‌డిస్కులు ఒక పెద్ద ఫైలును వరుసగా బాగా చదువుతాయి. పది చోట్ల నుంచి ఒకేసారి అడిగితే చతికిలపడతాయి.

ఒకే ప్రీమియర్ ప్రాజెక్టు ఫైలును ఇద్దరు తెరిచి చివర ఎవరు సేవ్ చేస్తే వారిదే మిగిలే పరిస్థితి రానీయొద్దు. ప్రీమియర్‌లో ప్రొడక్షన్స్ పద్ధతి వాడితే ఒకరు తెరిచిన ప్రాజెక్టు ఇంకొకరికి చదవడానికి మాత్రమే వస్తుంది. రిజాల్వ్ వాడేవారు ప్రాజెక్ట్ సర్వర్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో పెట్టి, ఆ డేటాబేస్ బ్యాకప్‌ను రోజూ నాస్ మీదకు పంపాలి. ఫుటేజీ అంతా భద్రంగా ఉండి డేటాబేస్ పోతే నెల రోజుల ఎడిట్ పోయినట్టే.

ఎడిటింగ్ కంప్యూటర్లు పాతవైతే ప్రాక్సీలు, అంటే ఎడిట్ కోసం వాడే తేలికైన నకళ్లు, చేయండి. అప్పుడు నెట్‌వర్క్ మీద భారం కూడా పదో వంతు దాకా తగ్గవచ్చు.

ఆడియో రూముకు వేరే నియమం. ట్రాకుల బరువు తక్కువే, కానీ ఆలస్యం సహించదు. సంకీర్తన ఆల్బమ్ రికార్డింగ్‌లో గాయని పల్లవి అందుకున్నప్పుడు నెట్‌వర్క్ ఒక్క క్షణం తడబడితే ఆ టేక్ పోతుంది. అందుకని నేరుగా నాస్ మీదకు రికార్డు చేయొద్దు. సెషన్ స్థానిక ఎస్‌ఎస్‌డీలో నడపండి. విరామం దొరికినప్పుడల్లా, రోజు చివర తప్పకుండా, నాస్‌కు కాపీ చేయండి. వీణ, మృదంగం లాంటి శాంపిల్ లైబ్రరీలు కూడా స్థానికంగానే ఉండాలి. వాటి అసలు కాపీ మాత్రం నాస్ మీద ఉంచండి.

## 9. వేగం పరీక్ష, ఈ వరుసలోనే

మొదట తీగ. ఐపెర్ఫ్3 అనే ఉచిత సాధనం నాస్‌లో, కంప్యూటర్‌లో నడపండి. ఇది డిస్కుతో పని లేకుండా నెట్‌వర్క్‌ను మాత్రమే కొలుస్తుంది.

- గిగాబిట్ మీద 940 మెగాబిట్ల దగ్గర రావాలి.
- 2.5 గిగాబిట్ మీద 2.35 గిగాబిట్లు.
- 10 గిగాబిట్ మీద 9కి పైన.
- 94 వస్తే తీగ తెగింది, లేదా మధ్యలో పాత స్విచ్ ఉంది.

తర్వాత డిస్కు. నాస్ మెమరీ కన్నా పెద్ద ఫైలు, ఉదాహరణకు 50 జీబీ, కాపీ చేసి చూడండి. చిన్న ఫైలైతే మెమరీలోంచే వచ్చేసి దొంగ వేగం చూపిస్తుంది.

చివరగా అసలు పని. ముగ్గురు ఎడిటర్లూ ఒకేసారి మల్టీక్యామ్ ప్లే చేయండి, నాలుగో మనిషి కార్డు కాపీ పెట్టాలి. పది నిమిషాలు ఆగకుండా నడిస్తే సిద్ధమైనట్టు.

## 10. రెండో కాపీ, మూడో కాపీ

రైడ్ డిస్కు పాడవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. పొరపాటున డిలీట్, దొంగతనం, నిప్పు, నీరు, వైరస్ వీటిలో దేన్నీ ఆపదు. తాళి కట్టే క్షణాన్ని మళ్లీ తీయమని ఎవరినీ అడగలేం. కాబట్టి ఈ మెట్టు పూర్తయ్యేదాకా పాత ఎక్స్‌టర్నల్ డిస్కుల్ని ఖాళీ చేయొద్దు.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. చిన్న స్టూడియోలో ఇది ఇలా కుదురుతుంది:

- మొదటిది నాస్ మీద.
- రెండోది ఒక పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు లేదా పాత నాస్. రాత్రి తనంతట తాను కాపీ అవ్వాలి.
- మూడోది వారానికోసారి మార్చే డిస్కు. కాపీ అయ్యాక తీసేసి ఓనర్ ఇంట్లో బీరువాలో.

మూడోదానికి క్లౌడ్ వాడొచ్చా అంటే, ప్రాజెక్టు ఫైళ్లకు, ఆడియో సెషన్లకు, పూర్తయిన సినిమాకు వాడండి. మొత్తం ఫుటేజీకి లెక్క వేసుకోండి. అప్‌లోడ్ 100 మెగాబిట్లు నిండుగా దొరికినా ఒక టీబీకి 22 గంటలు పడుతుంది.

కార్డుల దగ్గర క్రమశిక్షణ కావాలి. కార్డు నుంచి నాస్‌కు, ఇంకో డిస్కుకు రెండు కాపీలు సరిచూసుకున్నాకే ఫార్మాట్. చేత్తో లాగి వదిలే కాపీ సరిచూడదు. రిజాల్వ్ మీడియా పేజీలో ఉండే క్లోన్ టూల్ చెక్‌సమ్‌తో (ఫైలు నుంచి లెక్కకట్టి పోల్చి చూసే సంఖ్య) సరిచూస్తుంది, ఉచితం కూడా. సరిచూసిన కార్డు మీద ఆకుపచ్చ స్టిక్కర్ అతికించండి. స్టిక్కర్ లేని కార్డు ఎవరూ ముట్టుకోకూడదు.

ఇంటి నుంచి నాస్ చూసుకోవడానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టొద్దు. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ అలా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న నాస్ పెట్టెల్లోకి దూరి ఫైళ్లకు తాళం వేసింది. బయటి నుంచి అవసరమైతే వీపీఎన్ ద్వారానే రండి.

మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక పాత పెళ్లి ఫోల్డర్ తిరిగి తెచ్చి, ప్రాజెక్టు తెరిచి ప్లే చేసి చూడండి. తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

## 11. సమస్య వస్తే

ఒక్క కంప్యూటర్‌కే నెమ్మది. తీగ మార్చండి, స్విచ్‌లో వేరే పోర్టు చూడండి, తర్వాత యాంటీవైరస్ నెట్‌వర్క్ డ్రైవ్‌ను స్కాన్ చేస్తోందేమో చూడండి.

అందరికీ ఒకేసారి నెమ్మది. నాస్‌లో స్క్రబ్ (డిస్కుల్లోని డేటా అంతా చదివి సరిచూడటం), బ్యాకప్, థంబ్‌నెయిల్ తయారీ నడుస్తున్నాయా చూడండి. వాటిని రాత్రి వేళకు మార్చండి.

డ్రైవ్ కనిపించదు, పింగ్ వస్తుంది. యూజర్ పాస్‌వర్డ్ మారిందేమో చూడండి. విండోస్‌లో పాత లాగిన్ దాచుకుని ఉంటుంది. క్రెడెన్షియల్ మేనేజర్‌లో తీసేసి మళ్లీ లాగిన్ అవ్వండి.

ఫైలు డిలీట్ అయింది. ఆ ఫోల్డర్‌లో ఇంకేమీ రాయకండి, స్నాప్‌షాట్ నుంచి తీసుకోండి.

## 12. నెల నెలా, డిస్కు పోయిన రోజు

నెలకోసారి:

- డిస్కుల స్మార్ట్ నివేదిక, ఉష్ణోగ్రత చూడాలి.
- స్క్రబ్ పూర్తయిందో లేదో చూడాలి.
- ఖాళీ చోటు ఐదో వంతు కన్నా తగ్గితే పాత పనులు ఆర్కైవ్‌కు పంపాలి.
- నిన్నటి రాత్రి బ్యాకప్ తేదీ చూడాలి. మెయిల్ రావడం ఆగిపోతే అంతా బాగుందని అనుకోవద్దు.
- ఫ్యాన్ జాలీల దుమ్ము తుడవాలి.

డిస్కు పాడైనప్పుడు తొందరపడితే ఉన్నది కూడా పోతుంది. ఒక చోట ఎర్ర లైటు చూసి, కంగారులో పక్కన ఉన్న మంచి డిస్కు లాగేశారు. రైడ్ 5 కాబట్టి ఆ క్షణంలోనే వాల్యూమ్ పడిపోయింది. బ్యాకప్ ఉండబట్టి మూడు రోజుల్లో కోలుకున్నారు. అందుకే మొదటి రోజే ప్రతి డిస్కు సీరియల్ నంబరు రాసి దాని గది ముందు అతికించండి. ఆ తర్వాత వరుస ఇది:

- ఎడిటింగ్ ఆపమని అందరికీ చెప్పండి.
- నిన్నటి బ్యాకప్ ఉందని నిర్ధారించుకోండి. లేకపోతే ముందు నడుస్తున్న పనుల్ని బయటికి కాపీ చేయండి.
- నాస్ స్క్రీన్‌లో పాడైన డిస్కు సీరియల్ నంబరు చదవండి.
- ఇంకొకరిని పిలిచి, గది మీద అతికించిన నంబరుతో గట్టిగా చదివి సరిచూసుకోండి.
- ఆ ఒక్క డిస్కు తీసి, బీరువాలోది పెట్టి, రీబిల్డ్ మొదలుపెట్టండి.
- పూర్తయ్యేదాకా బరువైన ఎడిట్‌లు వద్దు. అత్యవసరమైతే ఆ పనిని స్థానిక ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసుకుని చేయండి.
- రీబిల్డ్ అయ్యాక స్క్రబ్ ఒకసారి నడపండి. పాడైనదాన్ని వారంటీకి పంపి, బీరువాలోకి ఇంకో డిస్కు కొనిపెట్టండి.